అత్త ఊళ్ళో ఆగే బండి

జంషెడ్‌పూర్‌లో ఎండాకాలం మఫ్లరు దొరకదు. ఈ విషయం ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. మే నెలలో కూలర్లు అమ్ముతారు, కూలర్లో వేసే గడ్డి అమ్ముతారు, గట్టిగా అడిగితే దీపావళికి మిగిలిపోయిన టపాకాయలు కూడా లోపల్నించి తెచ్చి ఇస్తారు. మఫ్లరు అడిగితే మాత్రం మనిషిని కిందినుంచి పైదాకా చూస్తారు. స్టేషన్ రోడ్డులో ఒక బట్టల దుకాణదారు నా మొహం కాసేపు పరిశీలించి, "భాయ్‌సాబ్, తబియత్ ఠీక్ హై నా?" అని అడిగాడు. ఠీకే అన్నాను. నిజమే, నాకేం కాలేదు. మఫ్లరు మా నాన్నకి.

చాలా దుకాణాలు తిరిగాక చలికాలం సరుకులో మిగిలిన ముక్క ఒకటి దొరికింది. బూడిదరంగు మీద ఎర్ర గళ్ళు. ఇంటికి తెచ్చి నాన్న మెడకి చుట్టాను. మా అమ్మాయి చూసి, "తాతా, ఏక్‌దమ్ హీరో లగ్ రహే హో" అంది. నాన్న నవ్వాడు. ఆ నవ్వుకి చప్పుడు లేదు. అప్పటికి ఆయన చేసే ఏ పనికీ చప్పుడు లేదు.

చలికాలంలో గొంతు బొంగురుపోతే జలుబన్నాం. హోలీ నాటికి మాట ఉత్త గాలిలా వస్తుంటే రైలు యార్డు దుమ్మన్నాం. ఆ యార్డు పక్కన మేం పెరిగిన బాగ్‌బేరాలో ఏ జబ్బు వచ్చినా ముందు యార్డు దుమ్మునే అనుమానిస్తాం. ఎండలు ముదిరేసరికి మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ తేలింది. దాన్ని ఏమనాలో మాకు తోచలేదు. డాక్టరుకి తోచింది. స్వరపేటిక తీసెయ్యాలి, ఆలస్యం చెయ్యకూడదు, ఆ తర్వాత సంగతి ఆ తర్వాత చూద్దాం అన్నాడు. ఆ చివరి మాట అంటున్నప్పుడు బల్ల మీద పెన్నులు సర్దాడు. అడగవలసినవి ఏమైనా ఉంటే అడగమన్నాడు. నాన్న నా చెవి దగ్గరికి వంగి ఒకటి అడిగాడు. నేను దాన్ని హిందీలో డాక్టరుకి చెప్పాను: "తీసేశాక ఈల ఊదగలనా అంటున్నారు."

డాక్టరు నవ్వాడు, జోకనుకుని. నాన్న జన్మలో జోకు వేసి ఎరగడు. మా ఇంట్లో ఆ శాఖ నాది.

నాన్న గూడ్సు బళ్ళ గార్డుగా టాటానగర్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన దిగిపోయాక గార్డుల్ని ట్రైన్ మేనేజర్లు అనడం మొదలుపెట్టారు. ఆ విధంగా మా వంశంలో ఒక మేనేజరు పుట్టే అవకాశం కొద్దిలో తప్పిపోయింది. నేను సిద్ధగోరాలో అద్దె ఇంట్లో ఉంటాను, ఒక కాంట్రాక్టరు దగ్గర సేఫ్టీ సూపర్‌వైజర్ని. ఎత్తులో పనిచేసేవాళ్ళు పడిపోకుండా చూడటం నా ఉద్యోగం. పడిపోతే, ఎందుకు పడిపోయారో రాయడం కూడా.

ఆపరేషన్‌కి కోల్‌కతా అయినా వెళ్ళొచ్చు, విశాఖపట్నం అయినా వెళ్ళొచ్చు అన్నారు. కోల్‌కతా దగ్గర. తెల్లారి ఎక్కితే మధ్యాహ్నానికి చేరతాం. నాన్న మాత్రం వేలుతో దక్షిణం వైపు చూపించాడు. ఆయన ఆసుపత్రిని ఎంచుకోలేదు. దారిని ఎంచుకున్నాడు. ఆ దారిలో అత్త ఊరుంది.

అత్త నాన్నకి ఒక్కతే అక్క. వాళ్ళమ్మ పోయేనాటికి నాన్న ఇంకా పాకుతున్నాడట. అత్తే చంకనేసుకుని పెంచింది. ఆ చంకలోంచి ఆయన్ని దించిన సంగతి ఆవిడకి ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు. తల నెరిసి, పెన్షన్ తీసుకుంటున్న మనిషిని "మా గుంటడు" అంటుంది. మా వైపు గుంటడంటే చిన్నపిల్లాడు, అప్ప అంటే అక్క.

అత్త ఊరు పలాస దాటాక రైలుపట్టాల పక్కనే ఉంటుంది. చిన్న హాల్టు. ఊరి పేరు రాయను. రాస్తే ఆ ఊళ్ళో చదువుకున్న ముగ్గురూ నాకు ఫోన్ చేస్తారు. మా చిన్నప్పుడు ఏటా వేసవిలో విశాఖపట్నం వెళ్ళేవాళ్ళం, అమ్మ పుట్టిల్లు అక్కడ. టాటానగర్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అదే బండి తిన్నగా విశాఖపట్నం తీసుకెళుతుంది. మేం మాత్రం పొద్దున్నే పలాసలో దిగిపోయి, సామాన్లు మోసుకుని, పాసింజరు ఎక్కేవాళ్ళం. ఎందుకంటే ఎక్స్‌ప్రెస్ అత్త ఊళ్ళో ఆగదు. పాసింజరు ఒక నిమిషం ఆగుతుంది.

ఆ ఊళ్ళో దిగేవాళ్ళం కూడా కాదు. మామయ్యకీ నాన్నకీ మాటల్లేవు. ఎందుకు లేవని అడిగితే ఇద్దరూ వేర్వేరు కారణాలు చెప్పేవారు, రెండూ నమ్మేలా ఉండేవి కావు. మామయ్య గుమ్మం నాన్న తొక్కడు, నాన్న క్వార్టరు మామయ్య తొక్కడు. ప్లాట్‌ఫారం రైల్వేది. కనక అక్కా తమ్ముడూ అక్కడ కలుసుకునేవారు, కిటికీలోంచి, బండి ఆగినంతసేపు.

మా కాలనీలో ఇదేం వింత కాదు. టాటానగర్ తెలుగు రైల్వే కుటుంబాల్లో సగం చుట్టరికాలు కిటికీల్లోంచే నడిచేవి. మా పక్క క్వార్టరువాళ్ళయితే సోంపేట ప్లాట్‌ఫారం మీద పెళ్ళికూతుర్ని నిలబెట్టించి చూసుకున్నారు. పిల్ల బాగుంది, మాట ఎలా ఉంటుందో వినేలోగా బండి కదిలిపోయిందట. పెళ్ళయ్యాక తీరిగ్గా విన్నారు.

అత్తతో కలయికకి ఒక పద్ధతి ఉండేది. పాసింజరు పెట్టె కిటికీలకి అడ్డంగా ఊచలుంటాయి, వాటిలోంచి కేరేజీ పట్టదు. పెట్టెకొకటో రెండో ప్రమాదకాలంలో తప్పించుకోడానికి ఊచలు లేని కిటికీలుంటాయి. నాన్న పలాసలో బండి ఆగక ముందే ఎక్కి ఆ కిటికీ పట్టేవాడు. గార్డు అలా ఎక్కకూడదని తెలుసు. అక్క విషయంలో ఆ ఒక్క నిబంధనా సడలించుకున్నాడు. హాల్టులో ప్లాట్‌ఫారం నేలబారుగా ఉంటుంది. అత్త నిండు కేరేజీని రెండు చేతులతో తల మీదికి ఎత్తేది. నాన్న పైనుంచి అందుకుని, పోయినేడాది కేరేజీని కిందికి దించేవాడు. అందులో అమ్మ చేసిన ఠేకువాలు ఉండేవి. గోధుమపిండీ బెల్లం కలిపి వేయిస్తారు, మా జార్ఖండ్‌లో అందరూ తింటారు. అత్త వాటిని రోట్లో దంచుకుని తినేది. "మీ ఊర్లో పలారాలు కూడా ఇనపవేనేట్రా" అని మరుసటేడు కిటికీ కింది నుంచి అడిగేది.

ఇక మాటలు. "ఒరే, సిక్కిపోనావు." "నువ్వూ అంతే అప్పా." "గుంటలు సదువుతన్నారా?" "సదువుతన్నారు." "అడుగుది పులుసు, ఒంపీకు." అంతలో గార్డు ఈల. ఇంకా ఏదో అంటూ అత్త బండి పక్కన నాలుగడుగులు నడిచేది, అది వినపడేది కాదు. ఆ కిటికీ దగ్గర ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పడానికీ తీరిక లేదు.

మామయ్య పోయాక ఆ గుమ్మం తొక్కడానికి అడ్డేమీ లేకపోయింది. ఒకసారి దిగాం. అక్కా తమ్ముడూ ఎదురెదురు మంచాల మీద కూర్చున్నారు. సిక్కిపోనావు, నువ్వూ అంతే, అయిపోయింది. తర్వాత పూటంతా మిగిలిపోయింది. అత్త ఎందుకో బియ్యం ఏరడం మొదలుపెట్టింది, నాన్న గోడకున్న క్యాలెండరు చదివాడు. మరుసటేడు మళ్ళీ కిటికీకే వచ్చేశాం. ఇద్దరూ తేలికపడ్డారు.

అమ్మ పోయింది, కరోనా వచ్చింది, నాన్నకి ప్రయాణాలంటే ఓపిక తగ్గింది. కొన్నేళ్ళు ఫోనుతో సరిపెట్టుకున్నారు. గొంతు పోయాక ఫోనూ పోయింది. అత్త చేసినప్పుడల్లా నేను ఎత్తేవాణ్ణి.

"అల్లుడా, ఆడికియ్యి."

"బజారెల్లాడత్తా."

నాన్న నా పక్కనే కుర్చీలో కూర్చుని ఉండేవాడు. ఆ నెలలో ఆయన ఎన్నిసార్లు బజారుకెళ్ళాడో చెప్పలేను. ఇంట్లో మాత్రం ఉల్లిపాయలు కూడా ఉండేవి కావు.

నాన్న కోరిక చిన్నది. గొంతు తీసేయించుకునే ముందు అక్కని ఒకసారి చూడాలి. ఆవిడకి మాత్రం సంగతి తెలియకూడదు. అందుకు కిటికీని మించింది లేదని ఆయన లెక్క. బండి చప్పుడులో పెదాలు కదిపితే మాట్లాడినట్టే ఉంటుంది. మెడకి మఫ్లరు ఉంటుంది. నిమిషంలో ఈల వేస్తారు. సంగతి ఆపరేషన్ అయ్యాక చెబుతానన్నాడు. ఎలా చెబుతావని నేను అడగలేదు.

బయలుదేరే ముందు అత్తకి ఫోన్ చేశాను, స్పీకరు పెట్టి, నాన్న వినేలా.

"అత్తా, బేస్తారం వత్తన్నాం. పాసింజర్లో."

"దిగుతారేట్రా?"

"లేదత్తా, విశాపట్నంలో పనుంది. కిటికీ కాడికి రా."

"కిటికీ ఏటి, ఆ బండి ఇప్పుడు ఈడ ఆగట్నేదు గదా. కరోనా అయిన కాడ్నించీ ఆగట్నేదు. మొన్న మా పక్కింటోడు నిద్దరోనాడనుకున్నాను... నేదు, మెలకువగానే ఉన్నాడంట, అది ఆగకుండా అట్టుకుపోనాది. బస్సులో వచ్చినాడు."

నాన్న కుర్చీలో ముందుకు వంగి నా చెయ్యి పట్టుకున్నాడు. గాలిమాటల్లో ఒక్కో ముక్కా చెప్పాడు. నేను అత్తకి అప్పజెప్పాను. "పాసింజరంటేనే అన్ని హాల్టులూ ఆగేదంట. ఆగకపోతే దాన్ని పాసింజరు అనరంట. మీ పక్కింటోడు వేరే బండి ఎక్కుంటాడంట."

అటువైపు గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"అలగన్నాడా ఆడు?"

"అన్నాడు."

"అయితే ఆగుతాది."

రోజూ ఇంటి వెనకనుంచి ఆ బండి ఆగకుండా పోవడం ఆవిడ చూస్తూనే ఉంది. అయినా రైల్వేలో పనిచేసింది బండి కాదు, తమ్ముడు. ఆ ఊళ్ళో అందరికీ బండి ఆగింది పంచాయతీ అర్జీ పెట్టుకోబట్టి. అత్తకి మాత్రం తమ్ముడు రైల్వేలో ఉండబట్టి. ఈ మాట ఆవిడ చెరువు దగ్గరా రేషన్ షాపు దగ్గరా ఎన్నో ఏళ్ళు చెప్పుకుంది.

టాటానగర్‌లో ఎక్కాం. పాసు నాన్నది. రిటైరైన ఉద్యోగి పెద్దవాడైతే తోడుగా ఒక మనిషిని పాసులో రాయించుకోవచ్చు. నేను ఆ మనిషిని. డిగ్రీలో ఫస్టుక్లాసు వచ్చినప్పటికంటే ఆ కాగితం మీద తోడు అని చదువుకున్నప్పుడు నాకు బరువుగా అనిపించింది. రాత్రంతా నాన్న నిద్రపోలేదు. సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడల్లా లేచి ఏ రంగుందో చూశాడు. అది అలవాటే అనుకున్నాను. అలవాటు కాకపోతే అనుకోడానికి ఇంకేం దొరకలేదు.

పలాసలో దిగేసరికి గాలిలో జీడిపిక్కలు కాల్చే వాసన. చిన్నప్పుడు ఆ వాసన తగిలితే సెలవులు మొదలైనట్టు. నాన్న దగ్గుతుంటే మఫ్లరు ముక్కు మీదికి లాగాను. ప్లాట్‌ఫారం మీద జనం చూశారు. మే నెలలో మఫ్లరు కట్టుకున్నవాణ్ణి పలాసలోనూ అలాగే చూస్తారు.

బండి వచ్చింది. ఊచలు లేని కిటికీ కోసం నేనే పరిగెత్తాను, నాన్న ఇప్పుడు పరిగెత్తలేడు. దొరికింది. ఎదురుగా ఒక నడివయసు ఆవిడ, చేతివేళ్ళు జీడి రసానికి నల్లబడి ఉన్నాయి, పిక్కల ఫేక్టరీలో పనట. కూతురు విజయనగరంలో ఉంది, చూడ్డానికి వెళుతోంది. మేమెక్కడికి అని అడిగింది. చెప్పాను. మధ్యలో ఒక హాల్టులో మా అత్త కేరేజీ పట్టుకుని నిలబడుతుందనీ, ఈ కిటికీ అందుకేననీ కూడా చెప్పాను. నేను ప్రయాణాల్లో అవసరానికి మించి మాట్లాడతాను. ఇద్దరి వంతూ నాదే కదా.

ఆవిడ హాల్టు పేరు రెండుసార్లు అడిగింది.

"ఈ బండి అక్కడాగదు బాబూ."

నాన్న తల అడ్డంగా ఊపాడు. పెదాలతో పాసింజర్ అన్నాడు.

"ఏటంతన్నాడు తాత?"

"ఇది పాసింజరంట. ఆగుద్దంట."

"పాసింజరేటి, ఎక్స్‌ప్రెస్. పేరు మార్చీసినారు. ఇదిగో సూడు." జాకెట్టులోంచి టికెట్టు తీసి నాన్న చేతిలో పెట్టింది.

నాన్న దాన్ని వెలుతురుకి పట్టుకుని చదివాడు. తిప్పి వెనకవైపు కూడా చదివాడు. పెళ్ళాంపిల్లల్తో దేశమంతా తిరిగిన మనిషి, సొంతానికి టికెట్టు కొని ఎరగడు. మా ఇంట్లో ఎవరమూ ఎరగం. కరోనా తర్వాత బళ్ళు మళ్ళీ నడిపినప్పుడు ఎన్నో పాసింజర్లు ఎక్స్‌ప్రెస్‌లనే పేరుతో తిరిగొచ్చాయి. పెట్టెలవే, కిటికీలవే, తుప్పూ అదే. ధర పెరిగింది, ఆగే చోట్లు తగ్గాయి. టికెట్టు కొనుక్కునేవాళ్ళందరికీ ఆ సంగతి కౌంటరు దగ్గరే తెలిసిపోయింది. పాసు మీద తిరిగేవాళ్ళకి కౌంటరు లేదు. రైలు గురించి దేశంలో అందరికీ తెలిసిన విషయం రైల్వేవాళ్ళింట్లో తెలియలేదు.

నాన్న టికెట్టు ఆవిడకి తిరిగిచ్చేశాడు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. బయట ఉప్పుమడులు, మధ్యమధ్య తెల్లటి కుప్పలు, వాటి మీద కప్పిన తాటాకులు. నాకు జోకులు రెండు తోచాయి. మింగేశాను.

"ఫోన్ చేసి అత్తని రావద్దని చెప్పనా?" అని చివరికి అడిగాను.

నాన్న వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ ఇప్పటికే వచ్చేసి ఉంటుంది. బండికి గంట ముందు రావడం ఆవిడ పద్ధతి.

హాల్టు ఇంకొంత దూరం ఉందనగా బండి వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. ముందు ఎక్కడో ట్రాక్ పని జరుగుతున్నట్టుంది, పసుపు బోర్డు కనిపించింది. నాన్న వెనక్కి తిరిగి నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. నా చిన్నప్పుడు నేను తప్పన్న ఆయన లెక్క ఒప్పని తేలినప్పుడు అలా చూసేవాడు. లేచి నిలబడి, భుజాలదాకా కిటికీ బయటికి వంగాడు. నేను వెనకనుంచి ఆయన నడుం పట్టుకున్నాను. పట్టుకునేసరికి తెలిసింది, ఆ చొక్కా లోపల ఎంత కొంచెం మనిషి మిగిలాడో.

అత్త కనిపించింది. హాల్టు మీద ఇంకెవరూ లేరు. బండి ఆగనిచోట ఎవరుంటారు. నీలం చీర, నెత్తి మీద కొంగు. మా పెట్టె వచ్చి ఆగవలసిన చోటే నిలబడి కేరేజీని తల మీదికి ఎత్తి పట్టుకుంది. బండి సైకిలంత వేగంతో వెళుతోంది. ఆగినంత పని చేసింది కానీ ఆగలేదు. నాన్న రెండు చేతులూ చాపాడు. అత్తకి మేము కనిపించాం. కేరేజీ ఎత్తి పట్టుకునే అడుగులు వేసింది, రెండు మూడు, తొందరతొందరగా, ఆ వయసుకి వెయ్యకూడని అడుగులు. కిటికీ ఆవిడ పక్కకి వచ్చింది. వేళ్ళకీ కేరేజీ పిడికీ మధ్య జానెడు దూరం. గాలికి మఫ్లరు జారిపోయి భుజం మీద పడింది. నాన్న నోరు బాగా తెరిచి అక్కని పిలిచాడు. వెనక పట్టుకున్న నాకు ఆయన పక్కటెముకలు కదలడం తెలిసింది. పిలుపు రాలేదు.

అత్త చూస్తున్నది కేరేజీని కాదు. ఆవిడ చేతులు మెల్లగా కిందికి దిగాయి. అలాగే నిలబడిపోయింది. నాలుగడుగులు నడిచి ఏదో అనడం ఈసారి లేదు.

"సైను లాగు బాబూ, సైను లాగు" అంది జీడిపిక్కలావిడ. నా చెయ్యి అప్పటికే పైకి వెళ్ళింది. నాన్న లోపలికి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో ఇంకా బలం ఉంది. చైను కింద రాసున్న హెచ్చరిక వైపు గడ్డంతో చూపించాడు. తగిన కారణం లేకుండా లాగరాదు.

"కారణం నేదేటి?" అంది ఆవిడ.

నాన్న తల అడ్డంగా ఊపాడు. సర్వీసంతా తన బండిని అనవసరంగా ఆపినవాళ్ళ గురించి ఇంటికొచ్చి కోపంగా చెప్పుకున్న మనిషి. అక్కని చూడ్డం కారణం కిందికి రాదు. ట్రాక్ పని దాటాక బండి వేగం అందుకుంది.

తర్వాత ఆగిన స్టేషన్లో నాన్న నా భుజం తట్టి లేచాడు. దిగిపోయాం. వెనక ఇంకో బండి మధ్యాహ్నం ఉందని చెప్పారు. చెట్టు నీడ పడే బెంచీ చూసి కూర్చోబెట్టాను. నీళ్ళసీసా పక్కన పెట్టాను. నాన్న నన్ను వంచి, చెవిలో చెప్పాడు.

"కేరేజీ తే. పాపం, ఎప్పుడు లేచి వండినాదో."

సరేనన్నాను.

"అప్పని తేకు."

ఇదీ సరేనన్నాను. ఆటోలో పోతున్నంతసేపూ అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. జలుబు ఒకటి. పళ్ళు పీకించుకున్నాడు, అందుకే మాట రావడం లేదు అన్నది ఇంకొకటి. అది నాకే నచ్చింది. విశాఖపట్నంలో పని అంటే పెన్షన్ పని. రిపోర్టులు రాసే ఉద్యోగం, ఈ మాత్రం కల్పించడం కష్టం కాదు.

అత్త హాల్టులోనే ఉంది. సిమెంటు బల్ల మీద, కేరేజీ ఒళ్ళో పెట్టుకుని, పట్టాలకేసి చూస్తూ. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఒచ్చినావా. కూకో."

కూర్చున్నాను. బల్ల కాలుతోంది.

"ఆగుతాదన్నాడు" అంది.

"రూలు మారిపోనాదత్తా."

"ఆడికి సెప్పనేదేటి రైల్వేవోలు?"

"రిటైరైపోనాడు గదా."

"రిటైరైతే సెప్పరేటి." కేరేజీ ఒళ్ళో సర్దుకుని, "ఊర్లో అందరూ సెప్పినారు, ఆగదని. మా గుంటడు సెప్పినాడని నానే దెబ్బలాడీసినాను" అంది. ఆ దెబ్బలాటలో ఓడిపోయినందుకు ఆవిడకి బాధగా ఉన్నట్టు లేదు. "ఏడున్నాడు?"

"టేసన్లో. నీడలోనే కూకోబెట్టినాను."

"నన్ను తెమ్మన్నాడేటి?"

సిద్ధం చేసుకున్నవన్నీ ఒక్కసారే నోటికి అడ్డం పడ్డాయి. "ఎండగా ఉంది కదత్తా" అన్నాను.

"ఎండ నాకు కొత్తేటి?"

పళ్ళు పీకించుకున్న సంగతి చెప్పడానికి అదే అదును. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. చెప్పలేకపోయాను. తను కూడా లేచి ఆటో ఎక్కుతుందేమో, ఎక్కితే ఏం చెయ్యాలి అని భయపడ్డాను. ఎక్కుతానని అనలేదు. రావొద్దన్నాడని ఆవిడకి అర్థమైంది. ఎందుకన్నాడో కూడా అర్థమైంది. తమ్ముడు అడిగింది ఇచ్చెయ్యడం ఆవిడకి చిన్నప్పట్నించీ అలవాటు.

కేరేజీ గిన్నెలు విప్పింది. పై గిన్నెలో ఉప్పుచేపల వేపుడు. దాని కింద గారెలు. దాని కింద పులిహోర. అట్టడుగున మెత్తగా కలిపిన పెరుగన్నం. వేపుడు గిన్నె తీసి నా చేతిలో పెట్టింది. గారెల గిన్నె కూడా పెట్టింది. పులిహోర దగ్గర కాస్త ఆలోచించి అదీ ఇచ్చింది.

"ఇవి నువ్వు తిను."

"నాన్నకీ?"

"ఆడికి దిగవు."

పెరుగన్నం గిన్నె ఒక్కటీ కొంగుతో తుడిచి, కేరేజీ చట్రంలో పెట్టి, మూత నొక్కి, పిడి బిగించింది. ఒక్క గిన్నెతో ఆ చట్రం ఇటూ అటూ కదులుతోంది. అది చప్పుడు చెయ్యకుండా కొంగు అంచు చింపి చుట్టింది. మెడ దగ్గర గడ్డ ఎంత ఉందనీ, డాక్టరు ఏమన్నాడనీ ఒక్కటీ అడగలేదు. మరిగిన నీళ్ళే తాగించమంది. విశాఖపట్నంలో ఉప్పు నీళ్ళంది. మామయ్య ఒకప్పుడు ఆ నీళ్ళు పడకే జొరం తెచ్చుకున్నాడని చెప్పింది.

ఆటో అతను హారన్ కొట్టాడు. నేను లేచి కాళ్ళకి దండం పెట్టబోతే వద్దంది. మూడు గిన్నెలూ కేరేజీ ఎలా పట్టుకోవాలో తెలియక తంటాలు పడుతుంటే తనే సర్ది, ఆటోదాకా వచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాక, ఆటో కప్పు పట్టుకుని లోపలికి వంగింది.

"మళ్ళీపాలి నువ్వొక్కడివే వత్తావు" అంది.